సీడీఐని ఆడిపోసుకోకండి

పడవ వెనక బిగించే అవుట్‌బోర్డు మోటారు స్టార్టవ్వకపోతే చాలు, ఒడ్డున నిలబడ్డ ప్రతివాడూ మెకానిక్కే. "సీడీఐ పోయిందిరా, మార్చెయ్!" సీడీఐ అంటే ప్లగ్‌కి కరెంటు పంపి స్పార్కు పుట్టించే ఎలక్ట్రానిక్ పెట్టె. వేలు పోసి కొత్తది పెట్టినా స్పార్కు సున్నా. ఎందుకొస్తుంది? ఉప్పునీళ్లు దిగి, పచ్చగా చిలుమెక్కిన స్టాప్ స్విచ్ లోపలే కరెంటంతా ఎర్తయిపోతుంటే!

ముందు ఆ స్విచ్ వైరు జాయింటు విప్పండి. స్పార్కు ప్లగ్‌ని బయటికి తీసి, దాని వైరు క్యాప్‌కి తగిలించి, దాని లోహపు ఒంటిని ఇంజన్ బ్లాకుకి గట్టిగా ఆనించి, ప్లగ్ రంధ్రానికి దూరంగా పట్టి తాడు లాగండి (లోపల పెట్రోలు ఆవిరి ఉంటుంది మరి). నీలంగా చిటుక్కుమందా, స్విచ్చే దొంగ. ప్లగ్‌ని గాల్లో వేలాడదీసి లాగారంటే బాగున్న సీడీఐ కూడా నిజంగానే పోవచ్చు.

ఇక కిరసనాయిలు మీద నడిపేవాళ్లు ప్లగ్ మసి సంగతే ఎత్తరు. మసి తుడిచాక ప్లగ్ కొనల మధ్య గ్యాప్ కూడా చూడండి: నంబరు చివర 10 ఉన్న ఎన్‌జీకే కంపెనీ ప్లగ్‌కి అది 1 మి.మీ. కొలవాల్సింది ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పల్చటి రేకులు), గోటితో కాదు బాబూ!