జనం లెక్క సరే, దూరం లెక్కేది?

ఇంగ్లండ్ వాయవ్య మూలన, స్కాట్లండ్ సరిహద్దుకు కాస్త దిగువన, మొన్నమొన్నటి దాకా ఈడెన్ అనే డిస్ట్రిక్ట్ ఉండేది. పేరు చూసి బైబిల్లోని ఏదెను తోట అనుకోనక్కర్లేదు. అక్కడ పారే నది పేరే దానికి పెట్టారు. 2,100 చదరపు కిలోమీటర్లకు పైగా నేల, సుమారు 55 వేల జనం. 2021 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్ మొత్తమ్మీద జనం అతి పలుచగా ఉన్న ప్రాంతం ఇదే. చదరపు కిలోమీటరుకు పాతిక మంది. 2023 ఏప్రిల్ 1న దాన్ని రద్దు చేశారు. దాంతోపాటు కంబ్రియా కౌంటీ కౌన్సిల్, దాని కింద ఉన్న మిగతా అయిదు డిస్ట్రిక్టులు కూడా పోయాయి. వాటి స్థానంలో కౌంటీ పనులు, డిస్ట్రిక్ట్ పనులు రెండూ చూసే కంబర్లాండ్, వెస్ట్‌మోర్లాండ్ అండ్ ఫర్నెస్ అనే రెండు కౌన్సిళ్లు వచ్చాయి.

ఎక్కడో గొర్రెల కొండల్లో జరిగిన ఈ మార్పు గురించి ఇప్పుడెందుకు? ఎందుకంటే 2024 డిసెంబరులో బ్రిటన్ ప్రభుత్వం తెచ్చిన శ్వేతపత్రం, మిగిలిన 164 డిస్ట్రిక్ట్ కౌన్సిళ్లనూ ఇదే దారి పట్టించాలంటోంది. కొత్త కౌన్సిల్‌కు 5 లక్షలు, ఆపైన జనాభా ఉండాలన్నది దాని ప్రధాన కొలత.

అక్కడి అంచెలు మన చెవికి కాస్త తికమకగా ఉంటాయి. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. డిస్ట్రిక్ట్ దాని కింది అంచె, మన పాత తాలూకాకు దగ్గర. పారిష్ కౌన్సిల్ మన గ్రామ పంచాయతీని పోలినా, అధికారాలు బాగా తక్కువ. 1972 చట్టం ప్రకారం 1974 నుంచి నడిచిన ఈ ఏర్పాటులో ఇంటి ముందు చెత్త ఎత్తడం డిస్ట్రిక్ట్ పని, ఎత్తిన చెత్తను ఏం చేయాలన్నది కౌంటీ పని. ఇల్లు కట్టుకోవడానికి అనుమతి డిస్ట్రిక్ట్ ఇస్తుంది, ఆ ఇంటికి వెళ్లే రోడ్డు కౌంటీది. పన్ను వసూలు చేసేది డిస్ట్రిక్ట్, అందులో పెద్ద వాటా వెళ్లేది కౌంటీకి. ఈడెన్‌లో ఇంకో మెలిక కూడా ఉండేది. దాని పడమటి భాగం లేక్ డిస్ట్రిక్ట్ నేషనల్ పార్కులో ఉంది, 2016లో దక్షిణాన కొన్ని కొండలు యార్క్‌షైర్ డేల్స్ పార్కులో కలిశాయి. ఆ మేరకు ఇళ్ల అనుమతులు పార్కు సంస్థల చేతిలోకి పోయాయి. గుంత పూడ్చమని ఎవరిని అడగాలో తెలియని మనిషికి రెండు కౌన్సిళ్లు ఒకటైతే మేలే. విలీనం తప్పని మేము అనడం లేదు. తప్పు ఆ కొలబద్దలో ఉంది.

ఈడెన్‌లోని ఆల్‌స్టన్ సంగతి చూడండి. సముద్రమట్టానికి సుమారు 300 మీటర్ల ఎత్తున, పెనైన్ కొండల మధ్య ఉన్న చిన్న సంత ఊరు. డిస్ట్రిక్ట్ కార్యాలయం ఉండిన పెన్రిత్‌కు రావాలంటే 580 మీటర్ల ఎత్తున్న హార్ట్‌సైడ్ కనుమ ఎక్కి దిగాలి. శీతాకాలంలో మంచు పడితే ఆ దారి మూసుకుపోతుంది. ఆ వరసలోనే ఉన్న క్రాస్ ఫెల్ 893 మీటర్లు, పెనైన్లలో అదే పెద్ద శిఖరం. దాని మీంచి లోయలోకి విరుచుకుపడే ఈదురుగాలికి హెల్మ్ విండ్ అని పేరు కూడా ఉంది. బ్రిటన్‌లో సొంత పేరున్న గాలి అదొక్కటే అంటారు. ఇప్పుడు ఆల్‌స్టన్ ఉన్న వెస్ట్‌మోర్లాండ్ అండ్ ఫర్నెస్ కౌన్సిల్ కేంద్రం పెన్రిత్ కూడా కాదు, ఇంకా దక్షిణాన ఉన్న కెండల్. అదే కౌన్సిల్ కింద సముద్రం ఒడ్డున అణు జలాంతర్గాములు కట్టే బారో పట్టణం ఉంది. ఆల్‌స్టన్ నుంచి అక్కడికి రోడ్డు మీద 100 కిలోమీటర్లకు పైనే. గొర్రెల కాపరికీ షిప్‌యార్డు కార్మికుడికీ ఒకే బడ్జెట్, ఒకే సమావేశ మందిరం. కొత్త కౌన్సిల్‌లో 65 మంది సభ్యులుంటే, జనాభాలో నాలుగో వంతు మాత్రమే ఉన్న ఈడెన్‌కు దక్కేదీ ఆ మేరకే. పాత డిస్ట్రిక్ట్ కౌన్సిల్‌లో ఈడెన్ కోసమే 38 మంది ఉండేవారు.

చిన్నవాటికి పని చేతకాదన్న మాట ఇక్కడ నిలబడదు. 2013 మార్చిలో ఎగువ ఈడెన్‌లోని 17 పారిష్‌లు కలిసి తమ ప్రాంతంలో ఇళ్లు ఎక్కడ, ఎవరి కోసం కట్టాలో సొంతంగా ప్రణాళిక రాసుకుని ప్రజల ఓటుకు పెట్టాయి. దాదాపు పది మందిలో తొమ్మిది మంది ఔనన్నారు. స్థానిక ప్రణాళికను ఇలా ఓటుతో ఆమోదించుకోవడం ఇంగ్లండ్‌లో అదే మొదటిసారి. లండన్ శివార్లలో కాదు, కిర్క్‌బీ స్టీఫెన్ చుట్టుపక్కల పల్లెల్లో.

దూరాన కూర్చున్నవాళ్లు ఈ నేల తలరాత రాయడం కొత్తేమీ కాదు. మాంచెస్టర్ నగరపాలక సంస్థ 1919లో చట్టం తెచ్చుకుని, హాస్‌వాటర్ సరస్సుకు ఆనకట్ట కట్టి నీళ్లు తన నగరానికి తీసుకుపోయింది. ఆ నీటి కింద మార్డేల్ అనే ఊరు 1930ల్లో మునిగిపోయింది. కరువొచ్చిన ఏడు ఇప్పటికీ దాని రాతిగోడలు బయటపడతాయి. నగరం అవసరం నిజమైనదే. మునిగిన ఊరూ నిజమైనదే.

ఇక అంకెల విషయం. కంబ్రియా మొత్తం జనాభా దాదాపు 5 లక్షలు. అంటే 2024 నాటి కొలత 2023లో ఉండి ఉంటే, అంత కౌంటీకీ కలిపి ఒక్క కౌన్సిలే మిగిలేది. 2021లో రెండుగా చేయడమే సబబని తేల్చినచోట, మూడేళ్లు దాటేసరికి ఆ రెండూ చాలనంత చిన్నవైపోయాయి! మినహాయింపులకు వీలుందని శ్వేతపత్రమే చెబుతోంది. అయితే మినహాయింపు అడగాల్సింది ఎప్పుడూ పల్లెలే కావడం ఎందుకు?

మన దగ్గర గాలి ఎదురుదిక్కున వీచింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2016లో తెలంగాణ పది జిల్లాలను 31 చేసింది, 2022లో ఆంధ్రప్రదేశ్ 13ను 26 చేసింది. ఆఫీసు దగ్గరికొచ్చిన మాట నిజం. కానీ బోర్డు మారినంత వేగంగా సిబ్బంది, నిధులు వచ్చాయా అని అడిగితే చాలాచోట్ల జవాబు దొరకదు. కాబట్టి ఇంగ్లండ్‌కు మనం పాఠం చెప్పే స్థితిలో లేము. చిన్నదో పెద్దదో అన్నది కాదు, కొలిచేవాడు దేన్ని కొలుస్తున్నాడన్నదే రెండు చోట్లా ప్రశ్న.

వెస్ట్‌మోర్లాండ్ అండ్ ఫర్నెస్‌లో ఈడెన్‌కంటూ ఒక స్థానిక బోర్డు పెట్టారు. మంచి పనే. దానికి సొంత నిధి, రోడ్ల మరమ్మతు వరసను ఖాయం చేసే అధికారం ఉంటే అది బోర్డు, లేకపోతే టీ తాగే సమావేశం. 1974లో తమ కౌంటీ పేరు పటం మీంచి చెరిపేస్తే ఆపిల్‌బీ జనం ఊరి పేరునే ఆపిల్‌బీ-ఇన్-వెస్ట్‌మోర్లాండ్ అని మార్చుకున్నారు. అంత పట్టుదల ఉన్నచోట నిర్ణయాలు వదిలితే చెడిపోవు. మిగిలిన 164 డిస్ట్రిక్టుల పటాలు గీసేటప్పుడు ప్రతి ప్రతిపాదనలోనూ జనాభా అంకె పక్కన ఇంకో అంకె కూడా తప్పనిసరిగా రాయాలని మేము కోరుతున్నాం: చిట్టచివరి ఊరి నుంచి కౌన్సిల్ తలుపు దాకా, జనవరి నెలలో, బస్సు మీద పట్టే సమయం.