ఒక రా ఫైలును మూడు కాపీలు చేస్తే హెచ్‌డీఆర్ అయిపోదు

చీకటి చోట్లూ, వెలుగు చోట్లూ రెండూ వివరంగా కనిపించే ఫోటోను హెచ్‌డీఆర్ అంటారు. దాని గురించి ఫోటోగ్రఫీ నేర్చుకునేవాళ్ళ మధ్య ఒక చిట్కా తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: "వేర్వేరు ఎక్స్‌పోజర్లతో (అంటే సెన్సర్‌కు అందే వెలుతురు మోతాదు మార్చి) మూడు ఫోటోలు తీసి కలపడం పాతకాలం పద్ధతి. ఒక్క రా ఫైలు (సెన్సర్ పట్టిందంతా మార్చకుండా దాచే ఫైలు) తీయండి. రెండు స్టాప్‌లు (ఒక్కో స్టాప్‌కు వెలుతురు సగమో, రెట్టింపో అవుతుంది) తగ్గించి ఒక కాపీ, పెంచి ఇంకో కాపీ చేసుకుని మూడూ కలిపేయండి, అసలైన హెచ్‌డీఆర్ వచ్చేస్తుంది. రా ఫైలు 14 బిట్లు కాబట్టి 14 స్టాప్‌ల వెలుతురు అందులోనే ఉంటుంది. ఫోన్లు చేసేదీ ఇదే. పైగా బ్రాకెటింగ్ (అలా వేర్వేరు ఎక్స్‌పోజర్లతో తీయడం) చేస్తే ఫోటో కృత్రిమంగా తయారవుతుంది." వినడానికి బాగానే ఉంది. ఒక్కో ముక్కా విడదీసి చూద్దాం.

ముందు ఆ మూడు కాపీల సంగతి. లేపాక్షి నాట్యమండపం లోపల నిలబడి, మిట్టమధ్యాహ్నం వేళ స్తంభాల మధ్య నుంచి బయటి ప్రాంగణం వైపు కెమెరా పెట్టారనుకోండి. పైకప్పు మీది చిత్రాలు చీకట్లో ఉన్నాయి, బయట రాయి ఎండకు మెరుస్తోంది. సెకనులో 30వ వంతు షట్టర్‌తో తీస్తే లోపల ఓ మోస్తరుగా వచ్చింది, బయట కాలిపోయింది, అంటే వివరాలేవీ లేకుండా తెల్లబడిపోయింది. 14 బిట్ల ఫైల్లో అంకెలు 16383 దగ్గర ఆగిపోతాయి. సెన్సర్ నిండిపోయిన చోట రాయైనా, దాని మీది గీతలైనా, అటుగా వెళ్ళే మనిషి తెల్లపంచె అయినా అన్నీ అదే అంకె. దాన్ని రెండు స్టాప్‌లు దించితే అన్నీ కలిసి సుమారు 4095 అవుతాయి. అంటే ఇందాక తెల్లగా ఉన్న ఖాళీ ఇప్పుడు బూడిద రంగు ఖాళీ. బావిలో ఉంటేనే కదా బొక్కెనలోకి వచ్చేది! ఎరుపు, ఆకుపచ్చ, నీలాల్లో ఏదో ఒకటి నిండకుండా మిగిలితే సాఫ్ట్‌వేర్ కొంత ఊహించి పూరిస్తుంది. మూడూ నిండిపోతే అదీ లేదు. చీకటి వైపు రెండు స్టాప్‌లు ఎత్తితే పైకప్పు చిత్రాలతో పాటు వాటి మీది నాయిస్ (ఇసుక చల్లినట్టు కనిపించే మచ్చలు) కూడా అంతే పైకి లేస్తుంది.

అదే చోట 125వ వంతు, 30వ వంతు, 8వ వంతు సెకన్లతో మూడు ఫోటోలు తీస్తే? మొదటిదాంట్లో ఎండలోని రాయి నిలుస్తుంది. చివరిదాంట్లో పైకప్పుకు మధ్యదానికంటే నాలుగింతల వెలుతురు అందుతుంది. వెలుతురు నాలుగింతలైతే నాయిస్‌తో పోల్చినప్పుడు బొమ్మ బలం రెట్టింపు అవుతుంది, అది కొలవగలిగిన లాభం. 1997లో డెబెవెక్, మాలిక్ అనే పరిశోధకులు ప్రచురించిన పద్ధతి ఇలాంటి ఫోటోల నుంచే అసలు దృశ్యంలో ఎక్కడ ఎంత వెలుగుందో లెక్కగట్టింది. ప్రతి ఫోటో కొత్త సమాచారం తెస్తేనే ఆ లెక్కకు అర్థం.

దృశ్యమంతా ఒక్క రా ఫైల్లో పట్టేటట్టయితే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో హైలైట్స్ (వెలుగు చోట్ల) స్లైడర్ దించి, షాడోస్ (చీకటి చోట్లు) ఎత్తుకుంటే పనైపోతుంది, కాపీలు దండగ. పట్టకపోతే మూడు కాదు, ముప్పై కాపీలు చేసినా రాదు. మరి ఆ చిట్కా వాడినవాళ్ళకు తేడా ఎందుకు కనబడుతోంది? కాపీలను కలిపే సాఫ్ట్‌వేర్ చీకటి చోట్ల వెలుగు పెంచి, వెలుగు చోట్ల తగ్గిస్తుంది కాబట్టి. ఆ పని స్లైడర్లూ చేస్తాయి, ఇంకా శుభ్రంగా.

ఇక 14 బిట్లు, 14 స్టాప్‌ల ముచ్చట. బిట్లు అంకెలు రాసుకునే చోటు మాత్రమే. కింది స్టాప్‌లను నాయిస్ మింగేస్తే ఆ చోట్లో చెత్త అంకెలుంటాయి. ఐఎస్ఓ (సెన్సర్ సిగ్నల్‌ను పెంచే సెట్టింగ్) పెంచేకొద్దీ డైనమిక్ రేంజ్ (ఒకేసారి పట్టగలిగే చీకటి, వెలుగుల మధ్య దూరం) తగ్గుతుంది, కానీ బిట్లు 14 అలాగే ఉంటాయి. ఈ ఒక్క విషయం చాలు ఆ లెక్క తప్పని చెప్పడానికి.

ఫోన్లు చేసేదీ ఇదేనట. 2010లో ఐఫోన్‌కు వచ్చిన హెచ్‌డీఆర్ మూడు వేర్వేరు ఎక్స్‌పోజర్లు తీసి కలిపేది. గూగుల్ ఫోన్ కెమెరాలోని హెచ్‌డీఆర్ ప్లస్ మొదట్లో వేరే దారి పట్టింది. వెలుగు కాలిపోకుండా అన్నీ ఒకే తక్కువ ఎక్స్‌పోజర్‌తో, వరుసగా చాలా ఫ్రేములు తీసి, సరిగ్గా కూర్చి సగటు తీసేది. ఎక్స్‌పోజర్ ఒకటే అయినా ప్రతి ఫ్రేమూ కొత్తగా వెలుతురు పట్టుకుంటుంది, అందుకే నాయిస్ తగ్గుతుంది. ఒకే ఫైలును కాపీ కొట్టడానికీ దీనికీ పోలికే లేదు. తర్వాత గూగుల్ కూడా బ్రాకెటింగ్ కలుపుకుంది. పాతకాలం పద్ధతి అన్నది మాత్రం ఒక రకంగా నిజమే: 1850లలోనే ఫ్రాన్స్‌లో గుస్తావ్ లెగ్రే అనే ఫోటోగ్రాఫర్ సముద్రానికి ఒక నెగెటివ్, ఆకాశానికి ఇంకో నెగెటివ్ వాడి ఒకే ప్రింటు వేశాడు.

కృత్రిమత్వానికి కారణం బ్రాకెటింగ్ కాదు. భవనాల అంచుల చుట్టూ తెల్లటి వలయం, పెళ్ళి పందిరి రంగుల్లో మేఘాలు - ఇవన్నీ టోన్ మ్యాపింగ్ (పెద్ద వెలుగు తేడాలను తెరకు సరిపడేలా కుదించే పని) స్లైడర్లు చివరిదాకా లాగినప్పుడు వచ్చేవి. ఒక్క ఫోటో మీద లాగినా వస్తాయి.

బ్రాకెటింగ్‌కు అసలు చిక్కు ఇంకోటుంది, చిట్కా రాసినాయన దాన్ని ఎత్తనే లేదు. కొమ్మలు ఊగుతున్నా, జనం నడుస్తున్నా కలిపిన ఫోటోలో దెయ్యాల్లా నీడలు పడతాయి. కదలకుండా ఉన్న దృశ్యాలకే అది బాగా పనికొస్తుంది, అదీ అపెర్చర్, ఫోకస్, వైట్ బ్యాలెన్స్ కదపకుండా షట్టర్ ఒక్కటే మార్చినప్పుడు. జనం కదులుతుంటే ఒక్క ఫోటోనే, బయటి వెలుగు కాలిపోకుండా కాస్త తక్కువ ఎక్స్‌పోజర్‌తో తీసి, షాడోస్ ఎత్తుకోండి. కాపీలు అప్పుడూ అక్కర్లేదు.