తెరుచుకోని తలుపుగారికి

ఆకాశంలోని ఎక్స్‌రేలను చూసే జపాన్ వారి క్రిజమ్ ఉపగ్రహంలో, ఆ ఎక్స్‌రేల శక్తిని కొలిచే రిజాల్వ్ పరికరం ముంగిట తలుపై కొలువైన గేట్ వాల్వ్ గారికి నమస్కారాలు.

2023 సెప్టెంబరులో తమరు నింగికెగిరారు. కక్ష్యలో తమరిని పలుమార్లు తెరిపించబోయారు, తమరు ససేమిరా అన్నారు. ముక్కోటి ఏకాదశికి ఉత్తర ద్వారం ఏటా తెరుస్తారు. తమరిని జన్మకొక్కసారి తెరుచుకోమన్నారు, అంతే.

తమరి వెనుక ఎంత సరంజామా ఉందో తెలుసా? ద్రవ హీలియం తొట్టి, యాంత్రిక శీతల యంత్రాలు, అయస్కాంత క్షేత్రాన్ని పెంచి తగ్గించి వేడిని లాగేసే ఏర్పాటు. ఇదంతా 36 గడుల చిన్న డిటెక్టర్‌ను పరమశూన్యానికి, అంటే అంతకంటే చల్లబడడం కుదరని హద్దుకు, డిగ్రీలో 20వ వంతు దూరంలో ఉంచడానికే. అంత చలిలో ఉంటేనే ఒక్క ఎక్స్‌రే ఫోటాన్ (కాంతి రేణువు) తగిలి ఎంత వేడెక్కించిందో తెలుస్తుంది. వేడి తెలిస్తే దాని శక్తి తెలుస్తుంది.

ఈ చలి కోసం పడ్డ పాట్లు తమరికి తెలియనివి కావు. ఇలాంటి పరికరాన్నే మోసుకెళ్లిన తమరి ముందుతరం ఉపగ్రహాల్లో, 2000లో ఆస్ట్రో-ఇ కక్ష్యకే చేరలేదు. 2005లో సుజాకు చేరింది, అనుకున్నంత చల్లబడింది కూడా. నెల తిరగకుండానే హీలియమంతా ఆవిరైపోయింది, ఆ పరికరం ఆకాశంలో ఒక్క వస్తువునైనా చూడకముందే! 2016లో హితోమి పెర్సియస్ గెలాక్సీల గుంపును చూసి, అదుపు తప్పి గిరగిరా తిరిగి ముక్కలైంది. అప్పుడూ తలుపు మూసే ఉంది. పాపం, దానికి తెరిచే ముహూర్తమే రాలేదు. తమరికి ఆ సాకు లేదు.

ఈసారి హీలియం అయిపోయినా యంత్రాలతోనే చలిని నిలబెట్టే ఉపాయం ఆలోచించారు. తలుపు తీయడమూ ఒక పనేనా అనుకున్నారు కాబోలు.

తమరి మధ్యన పలుచని బెరీలియం కిటికీ ఉంది. 300 ఎలక్ట్రాన్ వోల్టుల (ఎక్స్‌రే శక్తిని కొలిచే ప్రమాణం) నుంచి చూడవలసిన పరికరానికి, దాని పుణ్యమా అని, సుమారు 1,700 దాటితే గానీ ఏమీ కనబడదు. సిలికాన్, గంధకం, ఇనుము వెలువరించే ఎక్స్‌రేలు దర్జాగా లోపలికి వెళ్తున్నాయి. నియాన్, మెగ్నీషియంలవి వాకిట్లోనే. హైడ్రోజన్, హీలియంల తర్వాత విశ్వంలో అంత విరివిగా ఉన్న ఆక్సిజన్‌కు కూడా ప్రవేశం లేదు!

లోపలికి వెళ్లినవాటిని రిజాల్వ్ దివ్యంగా చూస్తోంది, కాదనను. 7 ఎలక్ట్రాన్ వోల్టుల తేడాను పట్టగలిగితే చాలన్నారు, 5 లోపే పడుతోంది. అది చలి గొప్పతనం. తమరి ఖాతాలో వేసుకోకండి.

మళ్లీ ఆదేశం వచ్చినప్పుడు దయచేసి కదలండి.

ఇట్లు,
654 ఎలక్ట్రాన్ వోల్టులతో వచ్చి గడప బయటే నిలబడిపోయిన ఆక్సిజన్ తరఫున,
ఒక అభిమాని