విసుగు దేనిమీదో ముందు తేల్చుకోవాలి

నడివయసులో ఉద్యోగం విసుగనిపిస్తే వెంటనే వృత్తి మార్చుకోవాలని ఈమధ్య చదివిన ఒక వ్యాసంలో రచయిత ఇచ్చిన సలహాతో నేను పూర్తిగా ఏకీభవించలేను. పద్దెనిమిదేళ్లుగా పద్దులు రాస్తున్న నాకు వడ్రంగం మీద మనసు పోయినప్పుడు, ఉద్యోగం వదలకుండానే ఆరు నెలలపాటు సెలవు రోజుల్లో ఒక మేస్త్రి దగ్గర పని నేర్చుకున్నాను. ఒకే చెక్కను రెండు గంటలు చిత్రిక పట్టి నునుపు చేసి, మూలలు సరిగ్గా ఉన్నాయో లేదో మూలమట్టం పెట్టి చూసి, మళ్లీ పట్టాల్సి వచ్చినప్పుడు, విసుగు ఇక్కడా ఉందని, అయితే దీన్ని మాత్రం భరించగలనని అర్థమైంది. వోగ్ అనే ఫ్యాషన్ పత్రికలో ఏళ్ల తరబడి పనిచేసిన అమెరికన్ డిజైనర్ వీరా వాంగ్ 1990లో, నలభై దాటాక, పెళ్లి దుస్తుల దుకాణం తెరిచారని తరచూ ఉదహరిస్తారు గానీ, ఆమె ఫ్యాషన్ రంగాన్ని వదిలి వెళ్లలేదన్న సంగతి చెప్పరు. జీతం తగ్గడం గురించి, అంతకన్నా కష్టంగా ఉండే, తనకన్నా ఇరవై ఏళ్లు చిన్నవారి చేత తప్పులు దిద్దించుకోవడం గురించి వ్యాసంలో ఒక్క మాటైనా ఉండాల్సింది.