రీప్లేస్ చేయమంటారా సార్?

సాయంత్రం ఐదయ్యిందంటే మా ఆఫీసులో కాపీ వేళ. కంప్యూటర్‌ డి డ్రైవ్‌లోని ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి. గుళ్లో దేవుడికి పవళింపు సేవ ఎలాగో, మా డి డ్రైవ్‌కు పెన్‌డ్రైవ్ సేవ అలాగ. అవుట్‌సోర్సింగ్ కుర్రాడు కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. సూపరింటెండెంటు గారు చేతులు వెనక్కి కట్టుకుని పక్కన నిలబడతారు. కేశవా, నారాయణా, మాధవా అన్నట్టు కంట్రోల్ ఏ, కంట్రోల్ సీ, కంట్రోల్ వీ.

కాపీ ఎంతయ్యిందో చూపే పచ్చగీత బయల్దేరుతుంది. ముందు '2 నిమిషాలు' అంటుంది. కాసేపటికి '1 గంట' అంటుంది. తర్వాత '5 సెకన్లు' అని చెప్పి, ఆ ఐదు సెకన్లలోనే పావుగంట కాపురం పెడుతుంది. ఇంతలో అదే పేరుతో ఇంకో ఫైలు అడ్డం పడుతుంది.

"రీప్లేస్ చేయమంటారా సార్?"

సార్ కళ్లజోడు సవరించుకుంటారు. 'ఫైనల్', 'ఫైనల్ న్యూ', 'ఫైనల్ న్యూ సార్ చెప్పింది'... వీటిలో ఏది ఫైనలో బ్రహ్మకైనా తెలుసా? అన్నదమ్ముల ఆస్తి పంపకం తీర్చే పెద్దమనిషిలా ఆలోచించి, "రెండూ ఉంచు" అంటారు. ఎనిమిదేళ్లుగా రెండూ ఉంచుతూనే ఉన్నాం. చివర్న కాపీ రిజిస్టరులో సంతకం, తేదీ. మంగళం.

ఈ పనంతా మిషనే చేసుకోగలదు. చేయాల్సిన పనుల ఆజ్ఞలు వరసగా రాసిపెట్టే బ్యాచ్ ఫైలు, విండోస్‌కు ముందున్న డాస్ రోజుల నాటిది. ఫైళ్లు కాపీ చేసే రోబోకాపీ అనే ఆజ్ఞ విండోస్ విస్టా నుంచీ విండోస్‌తోనే వస్తోంది, టెండరు పిలవక్కర్లేదు. నోట్‌ప్యాడ్‌లో ఒక్క వరుస: రోబోకాపీ, ఎక్కణ్ణుంచి, ఎక్కడికి, స్లాష్ ఈ (లోపలి ఫోల్డర్లతో సహా అని). పేరు చివర డాట్ బ్యాట్ అని సేవ్ చేసి, వేళకు పని మొదలుపెట్టే విండోస్ టాస్క్ షెడ్యూలర్‌కు రోజూ ఐదింటికని చెబితే చాలు. కొత్తవీ మారినవీ మాత్రమే కాపీ చేస్తుంది. (స్లాష్ ఎమ్ఐఆర్ జోలికి మాత్రం తెలియకుండా పోకండి. అసలు ఫోల్డర్‌లో లేనిదాన్ని కాపీలోంచి కూడా ఊడ్చేస్తుంది.)

నిజానికిది మన ఆఫీసుల కోసమే పుట్టిందేమో. ఫైలు ఎవరైనా తెరిచి పెట్టుకుంటే 30 సెకన్లు ఆగి మళ్లీ అడుగుతుంది. వద్దని మనం చెప్పకపోతే 10 లక్షల సార్లు అడుగుతుంది. లెక్క కడితే ఒక్క ఫైలుకు 347 రోజులు. పెన్షన్ కోసం తిరిగే ముసలాయనకు కూడా అంత ఓపిక ఉండదు.

రాసి చూపించాను.

"బాగుందయ్యా. సంతకం ఎవరు పెడతారు?"

"ఏం కాపీ అయ్యిందో లాగ్ ఫైలులో రాయించొచ్చు సార్, గంట నిమిషంతో సహా."

"దానికి మెమో ఇవ్వలేం కదా!"

అదీ సంగతి. పోయిన నెల జ్వరంతో ఒక్క పూట కాపీ మర్చిపోయాడని ఆ కుర్రాడికి మెమో ఇచ్చారు, ఒక రోజు జీతం కోశారు. ఇంజనీరింగ్ చదివిన పిల్లాడు. ఆరింటి బస్సు తప్పితే వాళ్ల ఊరికి ఎనిమిదిన్నర దాకా ఇంకో బస్సు లేదు. పచ్చగీత కోసం వారానికి మూడు రోజులు ఆ బస్సు పోగొట్టుకుంటాడు. మిషను చేసే పనికి మనిషిని కట్టేసి, వాడికి జ్వరం వచ్చిందని జీతం కోస్తారా? సిగ్గు లేదూ మనకి? ఆ వెయ్యి రూపాయల పెన్‌డ్రైవ్‌ను బీరువాలో పెట్టి తాళం వేస్తారు, వీడి సాయంత్రాలకు లెక్కే లేదు.

నేను రాసిన బ్యాచ్ ఫైలు మాత్రం వృథా పోలేదు. డి డ్రైవ్‌లోనే ఉంది కాబట్టి, మిగతా వాటితో పాటు దాన్నీ రోజూ ఐదింటికి కుర్రాడు చేత్తో కాపీ చేస్తున్నాడు.