సవరణ: సెక్షన్ 92, జైళ్ల రద్దీ

దివ్యాంగులపై నేరాలకు శిక్షలు కఠినతరమైతే జైళ్లు కిక్కిరిసిపోతాయన్న గత టపాలోని వాక్యానికి ఈ సవరణ. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, సెక్షన్ 92 ప్రకారం శిక్ష ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు జైలు, దాంతోపాటు జరిమానా. నలుగురిలో కావాలని అవమానించడం, సంరక్షణలో ఉన్నవారికి అన్నం నీళ్లు ఇవ్వకపోవడం, చక్రాల కుర్చీని పాడుచేయడం కూడా అందులో నేరాలే. ఇవి చిన్న విషయాలు కావు, ఆ కుర్చీయే వారికి కాళ్లు! జైళ్ల రద్దీకి అసలు కారణం వేరే ఉంది. దేశంలోని ఖైదీల్లో దాదాపు నాలుగింట మూడొంతులు ఇంకా శిక్ష పడని విచారణ ఖైదీలే. రద్దీ సాకుతో బాధితులకు రక్షణ తగ్గించమనడం అన్యాయం. సత్వర విచారణ కోసం ప్రతి జిల్లాలో ఒక సెషన్స్ కోర్టును ప్రత్యేక కోర్టుగా గుర్తించాలని సెక్షన్ 84 చెబుతోంది. ప్రభుత్వాలను నిలదీయాల్సింది దాని గురించి.