ఇంటికెళ్లి ఉత్తరం రాస్తాం

మన పెళ్లిచూపుల చరిత్రలో 'ఇంటికెళ్లి ఉత్తరం రాస్తాం' అన్న వాక్యానికి ఉన్న స్థానం అందరికీ తెలిసిందే. పిల్ల నచ్చలేదని ముఖాన చెప్పే మోటుతనం లేకుండా, పెట్టిన బజ్జీలూ మైసూర్‌పాకూ పూర్తిగా తిని, కాఫీ తాగి, గుమ్మం దాటబోతూ మగపెళ్లివారు పలికే ఆ ఒక్క మాటతో ఇరుపక్షాల పరువూ దక్కేది. ఉత్తరం మాత్రం వచ్చేది కాదు. సంబంధాలు వాట్సాప్‌లోకి మారిపోయాక ఆ సంప్రదాయం అంతరించిందని నేను కొంతకాలం బెంగపడ్డాను. నా బెంగ అనవసరమనీ, హైదరాబాదులోని పేరున్న ప్రైవేటు హైస్కూళ్లు ఆరో తరగతి ప్రవేశాల రూపంలో దాన్ని కంటికి రెప్పలా కాపాడుతున్నాయనీ, ఆటిజం ఉన్న మా అబ్బాయికి సీటు కోసం తిరిగాక తెలిసింది.

ముందుగా ఈ బడుల మీద ఉన్న ఒక అపవాదును తొలగించాలి. పిల్లల్ని పరీక్షించి ఏరుకుంటాయని గిట్టనివాళ్లు అంటుంటారు. ప్రవేశ సమయంలో పిల్లవాడినిగానీ తల్లిదండ్రులనుగానీ వడపోయకూడదని 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 13వ సెక్షన్ చెబుతోంది. మొదటిసారి తప్పుచేస్తే 25,000 రూపాయల వరకూ, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 రూపాయల వరకూ జరిమానా ఉంది. చట్టమంటే అంత భయభక్తులున్న బడులు వడపోస్తాయా? వాళ్లు చేసేది 'ఇంటరాక్షన్'. అందులో పిల్లవాడికి లెక్కల కాగితం, ఇంగ్లీషు కాగితం ఇచ్చి ఒక గదిలో కూర్చోబెడతారు, తల్లిదండ్రుల చదువూ ఉద్యోగమూ మరో గదిలో కనుక్కుంటారు. పరీక్ష అయితే తప్పడమనేది ఉంటుంది. ఇంటరాక్షన్‌లో ఎవరూ తప్పరు. సీటు రాదు, అంతే. నవోదయ విద్యాలయాలవాళ్లకు ఈ నాజూకు తెలియదు. 80 ప్రశ్నలు, 2 గంటలు అని ముందే చాటి, బాహాటంగా పరీక్ష పెట్టి, ఎంపికైనవారి జాబితా గోడకు అంటిస్తారు. రానివాడికి రాలేదని నలుగురిలో తెలిసిపోతుంది. అంత కరుకుదనం మన కార్పొరేటు బడులు సహించలేవు.

మా వాడు అసలు సిసలైన పరీక్షకు కూర్చున్నది వైకల్య ధ్రువపత్రం కోసం. ఆటిజాన్ని కొలవడానికి మన దేశంలో వాడే కొలమానం సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థలో తయారైంది. ప్రశ్నలు 40, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు, మొత్తం 200. 70గానీ అంతకు మించిగానీ వస్తే ఆటిజం ఉన్నట్టు. మా వాడికి 92 వచ్చాయి. ఊళ్లో ఉన్న మా అమ్మ ఫోన్లో ఆ అంకె మాత్రమే విని, 'తొంభై రెండే! నా తండ్రే!' అని మురిసిపోయి, ఆంజనేయస్వామి గుడిలో కొబ్బరికాయ కొట్టించింది. అసలు సంగతి ఆమెకు ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. చెప్పే ఉద్దేశం నాకూ లేదు.

ఆ 92 మార్కులు ధ్రువపత్రం మీద 60 శాతంగా మారాయి. ఈ శాతాల మహిమ కొంచెం వివరించాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించి, వాటిలో 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకూ ఇంటికి దగ్గరలోని బడిలోగానీ ప్రత్యేక బడిలోగానీ, కోరుకున్నచోట ఉచితంగా చదువుకునే హక్కు ఇచ్చింది. 40కి తగ్గితే చట్టం దృష్టిలో పిల్లవాడికి ఏమీ లేనట్టు, 40 దాటితే బడి దృష్టిలో పిల్లవాడికి ఏమీ రానట్టు. సరిగ్గా సరిపోయే శాతం ఎంతో ఏ ఆసుపత్రిలోనూ చెప్పలేకపోయారు. గుర్తింపు ఉన్న ప్రతి విద్యాసంస్థా ఇలాంటి పిల్లలను వివక్ష లేకుండా చేర్చుకునేలా ప్రభుత్వాలు 'ప్రయత్నించాలి' అని కూడా అదే చట్టం అంటుంది. ఆ ప్రయత్నం ఎక్కడిదాకా వచ్చిందో కనుక్కుందామని నేను కొన్ని బడులకు ఫోన్ చేశాను.

'ఆరో తరగతిలో సీట్లున్నాయాండీ?' 'ఉన్నాయి సార్, రెండు సెక్షన్లు కొత్తగా పెడుతున్నాం.' 'మా అబ్బాయికి ఆటిజం ఉందండీ.' 'ఒక్క నిమిషం సార్.' ఆ ఒక్క నిమిషంలో ఒక వేణునాదం వినిపించింది, అది ఆగేసరికి రెండు కొత్త సెక్షన్లూ నిండిపోయాయి. ఇంత వేగంగా సీట్లు నిండే బడి మరొకటి ఉండదనుకున్నాను గానీ, తర్వాత చేసిన మూడు బడుల్లోనూ నిండాయి. అదే సాయంత్రం మా ఆఫీసులో ఒకాయన తన కూతురి కోసం మొదటి బడికే ఫోన్ చేస్తే, సీట్లు మళ్లీ ఖాళీ అయ్యాయట.

ముందే ఎందుకు చెప్పావని బంధువులు నన్ను చీవాట్లు పెట్టారు. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారు కదా అని మా బాబాయి గుర్తుచేశాడు. ఒక సీటుకు ఎన్ని ఆడవచ్చో పెద్దలు చెప్పిపోలేదు. పైగా దాచిపెట్టి చేర్పించినా, పిల్లవాడికి గంట మోత భరించడం కష్టమని రెండో రోజునైనా ఎవరికో ఒకరికి చెప్పుకోవాలి.

ఫిబ్రవరిలో ఒక బడి మమ్మల్ని ఇంటరాక్షన్‌కు పిలిచింది. ప్రాస్పెక్టస్ మొదటి పేజీలో 'ఇంక్లూజివ్' అన్న మాట, దాని కింద చక్రాల కుర్చీ కోసం కట్టిన ర్యాంపు ఫొటో ఉన్నాయి. ర్యాంపు నిజంగానే ఉంది. దాని పొడవునా రెండు వరసల్లో క్రోటన్ మొక్కల కుండీలు పేర్చి ఉన్నాయి. మేము అటు నడవబోతే వాచ్‌మన్ పరుగున వచ్చి, 'మెట్ల మీంచి రండి సార్, కుండీలు పడతాయి' అన్నాడు.

ప్రిన్సిపాల్ మేడమ్ ఎంతో ఆప్యాయంగా 'వాట్ ఈజ్ యువర్ నేమ్?' అని అడిగారు. మా వాడు ఆవిడ తల వెనక గోడ వైపు చూస్తున్నాడు. అక్కడ ఒక క్యాలెండర్ వేలాడుతోంది, ఫిబ్రవరి రెండో వారం వచ్చినా అది జనవరిలోనే ఉంది, సంక్రాంతి సెలవులు ఎర్రంకెల్లో మెరుస్తున్నాయి. 'జనవరి అయిపోయింది' అన్నాడు వాడు. ఎవరూ కదలలేదు. వాడు లేచి వెళ్లి, క్యాలెండర్ మేకు నుంచి జారకుండా ఎడమచేత్తో పట్టుకుని, జనవరి కాగితాన్ని వెనక్కి మడిచి, అంచులు సమానంగా ఉన్నాయో లేదో రెండుసార్లు వేలితో చూసుకుని, వచ్చి కూర్చుని, తన పేరూ నా పేరూ ఇంటి నంబరూ పిన్‌కోడుతో సహా చెప్పాడు. ఈలోగా మేడమ్ రాయడం ముగించారు. తలకిందుల అక్షరాలు చదవడం ఇలాంటి తండ్రులకు అబ్బే విద్య కాబట్టి నేను చదివాను: 'కుదురుగా కూర్చోడు. అడిగినదానికి స్పందించడు.'

తర్వాత ఆవిడ చెప్పిన కారణాలన్నీ మా మంచి కోసమే. తమ దగ్గర ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ మొదలవుతుంది గనుక పిల్లవాడు ఒత్తిడికి లోనవుతాడన్నారు. పదకొండేళ్ల మిగతా పిల్లలకు ఆ ఒత్తిడి అచ్చివస్తుంది కాబోలు. తాము పిల్లలందరినీ సమానంగా చూస్తామనీ, అందువల్ల ఎవరినీ ప్రత్యేకంగా చూడలేమనీ అన్నారు. ఈ వాక్యంలోని తర్కాన్ని నేను ఇప్పటికీ మెచ్చుకుంటూనే ఉన్నాను. హైస్కూలు స్థాయిలో ఇలాంటి పిల్లలు 15 మందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని 2022లో కేంద్ర ప్రభుత్వం చెప్పింది కదా అని నసిగాను. 'అలాంటి పిల్లలు మా బడిలో 15 మంది లేరు సార్' అన్నారు మేడమ్. ఎంతమంది ఉన్నారని అడిగాను. లేరన్నారు. లేనివాళ్లకు టీచరును పెట్టడం దుబారా అని ఒప్పుకోక తప్పలేదు. పట్టుబడితే, తరగతిలో పిల్లవాడి పక్కనే కూర్చుని సాయపడే షాడో టీచరును మేమే వెతుక్కుని, మేమే జీతమిచ్చుకుని, ఆవిడ మధ్యాహ్న భోజనం కూడా మేమే పంపించుకోవచ్చని ఉదారంగా సూచించి, అప్పుడు కూడా సీటు ఖాయమని కాదని జాగ్రత్తగా చేర్చారు.

'అయితే కుదరదని ఒక కాగితం మీద రాసివ్వండి మేడమ్' అన్నాను. గదిలో వాతావరణం ఒక్కసారిగా మారింది. బడి అడిగిన కాగితాలన్నీ నేను ఇచ్చాను: జనన ధ్రువపత్రం, వైకల్య ధ్రువపత్రం, ఆక్యుపేషనల్ థెరపీ నివేదిక, స్పీచ్ థెరపీ నివేదిక, సైకాలజిస్టు నివేదిక, పాత బడి మార్కుల జాబితాలు, వాటన్నిటికీ రెండేసి జిరాక్సులు. ఫైలు తూకం వేస్తే కిలోకు తగ్గదు. బదులుగా నేనడిగినది ఒకే ఒక్క వాక్యం. 'మేము కుదరదని ఎక్కడన్నాం సార్?' అన్నారు మేడమ్ నొచ్చుకుంటూ. 'మేనేజ్‌మెంట్‌తో మాట్లాడి తెలియజేస్తాం.'

ఇంటికెళ్లి ఉత్తరం రాస్తామనడమే అది. వాళ్లకు శ్రమ తగ్గిద్దామని ఆ రాత్రే ఒక నమూనా టైపు చేశాను: 'మీ అబ్బాయిని మా పాఠశాలలో చేర్చుకోలేకపోతున్నాము, ఎందుకనగా', ఆ తర్వాత మూడు గీతల ఖాళీ, కింద సంతకానికి చోటు. నా చిరునామా రాసి స్టాంపు అంటించిన కవరుతో కలిపి మర్నాడు రిజిస్టర్డ్ పోస్టులో పంపాను.

ఏప్రిల్ మొదటివారంలో ఫోన్ వచ్చింది. మా ఆవిడ చేతిలోని గరిటె పొయ్యి పక్కన పెట్టి వచ్చి నా పక్కన నిలబడింది. 'సార్, మీ స్టాంపు కవరు మా దగ్గర ఉండిపోయింది, వీలున్నప్పుడు వచ్చి తీసుకెళ్లండి' అని రిసెప్షన్‌లోని అమ్మాయి ఎంతో మర్యాదగా చెప్పింది. పరాయి సొమ్ము పావలా కూడా ఉంచుకోని సంస్థ అని ఈ సందర్భంగా రాయకపోతే నేను కృతఘ్నుడినవుతాను. శనివారం సెలవు చూసుకుని వాణ్ణి కూడా వెంటబెట్టుకుని వెళ్లాను. మేడమ్ గది తలుపు తెరిచే ఉంది, లోపల ఎవరూ లేరు. క్యాలెండర్ ఫిబ్రవరిలోనే ఉంది. వాడు నా చెయ్యి విడిపించుకుని లోపలికి వెళ్లాడు.